మల్లెకి కూడా సబర్ కావాలి

మన మల్లెకి విలాయతీ పేరు 'అరేబియన్ జాస్మిన్'. 1753లో లినేయస్ ఈ మొక్కకి పెట్టిన 'సాంబక్' అనే పేరు కూడా అరబీ 'జంబక్' నుంచే వచ్చింది. పుట్టిల్లు మాత్రం మన ఉపఖండమే. పేరు అరబీలో ఉంటే మనిషీ అక్కడివాడే అనుకునేవాళ్లు విజయనగరంలో నాకూ తగులుతుంటారు. అందుకేనేమో, మల్లె మీద నాకు ఇంకాస్త మొహబ్బత్.

మా ఆపా ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంటుంది. అక్కడ కుండీలో మల్లె పెంచుతోంది. ఆమె భయమల్లా సర్దీ గురించే. 10 డిగ్రీలకి దిగితే మల్లె ఎదగదు, గడ్డకట్టే చలి తగిలితే కొమ్మలు మాడిపోతాయి. అందుకని మొదటి చలికాలం దాన్ని హీటర్ పక్కన పెట్టి రోజూ నీళ్లు పోసింది. ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. మిగిలిన ఆకుల అడుగున ఎర్రనల్లి గూళ్లు కట్టింది.

బాబామెట్ట ఇంట్లో అమ్మీ ఏం చేసేదో ఫోన్‌లో యాద్ చేశాను. డిసెంబరు రాగానే నీళ్లు తగ్గించేసేది. తర్వాత కొమ్మలు కత్తిరించి, ఆకంతా దూసేసేది. "దానికి కూసింత ఆకలి తెలవాల, అప్పుడే మొగ్గేత్తాది" అనేది. మల్లె పూసేది కొత్త చిగురు కొసన. పాత కొమ్మల్ని కాపాడుకుంటూ కూచుంటే ఆకులే మిగుల్తాయి. మనం ఇక్కడ మొక్క చేత జబర్దస్తీగా పట్టించే రోజా (గులాబీ కాదు, ఉపవాసం) అక్కడ చలికాలం ముఫ్త్‌గా పట్టిస్తుంది. ప్రాణం పోకుండా చూసుకుంటే చాలు.

మరుసటేడు ఆపా అక్టోబరులోనే కుండీని లోపలికి తెచ్చింది. హీటర్‌కి దూరంగా, దక్షిణం కిటికీ దగ్గర, 10 డిగ్రీలకి తగ్గని గదిలో పెట్టింది. డిసెంబరులో అక్కడ పగలు 8 గంటలు కూడా ఉండదు. అంత తక్కువ వెలుగులో నీళ్లూ ఎరువూ మొక్కకి బోఝే. పైమట్టి పొడారాకే కాసిని నీళ్లు పోసేది. ఎరువు బంద్. మార్చిలో కత్తిరించి, చిగురు కనిపించాక ఎరువు వేసింది. రాత్రుళ్ల చలి తగ్గాక, జూన్‌లో, ఎండపడే గోడవారకి మార్చింది.

జూలైలో 11 పువ్వులు పూశాయి.

మూర లెక్కన పూలు కొనే మనకి 11 ఏ మూలకి? కానీ ఆపా నిఖాకి సెహ్రా కట్టింది అమ్మీ చెట్టు పూలతోనే. అమ్మీ జనాజాకి ఆపా అందుకోలేకపోయింది. గుప్పెడు మట్టి వేసే నసీబ్ కూడా లేకపోయిందని ఇప్పటికీ ఏడుస్తుంది. ఆ పువ్వుల్లో పది తెంపి, గిన్నెడు నీళ్లలో వేసి, ముందు పెట్టుకుని అమ్మీ పేరు మీద ఫాతిహా చదివిందట. పదకొండోది చెట్టుకే వదిలేసింది.