గెలవలేదా... గెలవనివ్వలేదా?

పందెం ముగిసింది. మీరు డబ్బు కాసిన గుర్రం ఏడోదిగా వచ్చింది. రౌతు దిగి, జీను విప్పి చంకన పెట్టుకుని, తాపీగా తూకం గదికి వెళ్లిపోయాడు. మీరు చీటీ చింపేసి ఇంటికొచ్చారు. మూడు వారాలు గడిచాయి. అదే గుర్రం, ఇంకో మైదానంలో, అందరికంటే ముందు గీత దాటింది. ఈసారి దానిమీద కాసిన చీటీ మీ జేబులో లేదు. అప్పుడేమనిపిస్తుంది?

ఐర్లండ్‌లో పందెంరాయుళ్లకు అనిపించేది ఒకటే... 'ఆ రోజు దాన్ని పరిగెత్తనివ్వలేదు!'

కర్రా, లెపర్డ్స్‌టౌన్, గాల్వే, పంచెస్‌టౌన్... ఏ మైదానానికి వెళ్లినా ఈ మాట చెవిన పడుతుంది. గుర్రప్పందేల పెత్తనానికి అక్కడ 1790లోనే టర్ఫ్ క్లబ్ పుట్టింది. 2018 నుంచి ఆ బాధ్యతను ఐరిష్ హార్స్‌రేసింగ్ రెగ్యులేటరీ బోర్డు చూస్తోంది. నిబంధనలు మారాయి, అధికారులు మారారు. అనుమానం మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే దాని విత్తనం మనుషుల బుద్ధిలోనే కాదు, ఆట నియమాల్లోనూ ఉంది.

బరువులోనే కిటుకు

అన్ని గుర్రాలూ ఒకే సత్తువతో పుట్టవు. బలమైనదీ బలహీనమైనదీ ఒకే వరసలో నిలబడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. పందెం కాసేవాడెవడు? అందుకే హ్యాండిక్యాప్ పందేలు వచ్చాయి. గుర్రం పాత పరుగులు చూసి ఓ అధికారి దానికి అంకె వేస్తాడు. అంకె ఎక్కువైతే వీపు మీద బరువూ ఎక్కువే. గెలిస్తే అంకె పెరుగుతుంది. వరసగా ఓడితే తగ్గుతుంది.

చూడ్డానికి ఎంతో న్యాయం. కానీ కాస్త తిరగేసి చూడండి. ఇవాళ ఓడితే రేపు బరువు తగ్గుతుంది. పైగా ఓడుతున్న గుర్రాన్ని ఎవరూ నమ్మరు కాబట్టి దానిమీద రూపాయికి ఇరవై రూపాయలు ఇస్తామన్నా కాసేవాడుండడు. అంటే ఈ ఆటలో ఓటమికీ ఓ ధర ఉంది. దాన్ని దాచుకుని, అదను చూసి సొమ్ము చేసుకోవచ్చు!

ఇందుకు రౌతు కళ్లెం బిగబట్టి లాగాల్సిన పనే లేదు. దూరం పరిగెత్తే గుర్రాన్ని పొట్టి పందెంలో దించితే చాలు. మెత్తటి నేల ఇష్టపడేదాన్ని గట్టి నేల మీదకు తోలితే చాలు. కసరత్తు పూర్తికాకుండా తీసుకొస్తే చాలు. అది తనకు చేతనైనంతా చేసి ఓడిపోతుంది. నోరులేని ఆ జీవికి తెలియదు, తాను గెలవడానికి రాలేదని.

దొరికితే దొంగ...

ఐర్లండ్‌లో ఈ విద్యకు చిరునామాగా నిలిచిన పేరు బార్నీ కర్లీ. మతగురువు కావాలని కొంతకాలం చదువుకుని, ఆ దారి వదిలి పందేల్లోకి వచ్చినవాడు. ఆయన గుర్రం పేరు ఎల్లో శామ్. అనుకూలంకాని పందేల్లో పరిగెత్తించగా పరిగెత్తించగా దాని బరువు బాగా తగ్గింది. అప్పటిదాకా దాని గొప్ప అంతా ఎనిమిదో స్థానమే.

1975 జూన్ 26న బెల్స్‌టౌన్ అనే చిన్న మైదానంలో దాన్ని దించాడు. దేశమంతటా 150కి పైగా పందెం దుకాణాల్లో ఆయన మనుషులు 50 నుంచి 300 పౌండ్ల దాకా విడివిడిగా కాశారు. దుకాణాల వాళ్లకు అనుమానం వస్తే ఏం చేస్తారు? మైదానంలోని తమ మనిషికి ఫోన్ చేసి, అక్కడ ఆ గుర్రం మీద కాయించి, ధర పడగొడతారు. కానీ ఆ మైదానంలో ప్రజలకున్న టెలిఫోన్ ఒక్కటే. కర్లీ మిత్రుడొకడు ముందే అందులో దూరాడు. చావుబతుకుల్లో ఉన్న మేనత్త గురించి ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నట్టు దాదాపు అరగంట నటించాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు పాపం జాలిపడ్డారు కూడా! కర్లీ మాత్రం మైదానం మధ్యలో ముళ్లపొదల చాటున నక్కి పందెం చూశాడు. ఎల్లో శామ్ ఒకటికి ఇరవై ధరతో గెలిచింది. రాబడి 3 లక్షల పౌండ్లకు పైనే. ఒళ్లు మండిన దుకాణాల వాళ్లు అన్నీ ఒక్క పౌండు నోట్లే ఇచ్చారు. అవి 108 సంచులయ్యాయి.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర! కర్లీ దొరే అయ్యాడు. పందెం కాయడంలో ఆయన చట్టాన్ని దాటలేదు. తర్వాత కాలంలో ఆఫ్రికాలోని పేదల కోసం స్వచ్ఛంద సంస్థ కూడా నడిపాడు. 2021లో ఆయన చనిపోయినప్పుడు ఈ కథనే అందరూ మళ్లీ చెప్పుకుని నవ్వుకున్నారు.

అయితే ఆ నవ్వులో వినబడని మనుషులు కొందరున్నారు. బెల్స్‌టౌన్‌కు ముందు జరిగిన పందేల్లో ఎల్లో శామ్‌ను నమ్మి ఎవరైనా ఓ పౌండు కాసి ఉంటే? అది గెలవడానికే వచ్చిందనుకుని చీటీ పట్టుకుని నిలబడి ఉంటే? బుకీలను బోల్తా కొట్టించిన కథ మొదలైంది అక్కడే. చతురుడని మెచ్చుకునే కర్లీ కథా, మోసమని తిట్టుకునే మొన్నటి పందెమూ ఒకే ఇంటి బిడ్డలు. తేడా అల్లా చీటీ ఎవరి చేతిలో ఉందన్నదే.

గుర్రం సాక్ష్యం చెప్పదు

మరి పట్టుకోవచ్చు కదా? అక్కడే చిక్కు. గుర్రాన్ని గెలుపు కోసం నిజాయతీగా పరిగెత్తించాలని ఐర్లండ్ నిబంధనల్లో 212వది చెబుతోంది. పందేన్నే కసరత్తుగా వాడుకోవడం కూడా తప్పే. రుజువైతే రౌతుకు, శిక్షకుడికే కాదు, గుర్రానికీ కొన్నాళ్లు నిషేధం తప్పదు. కానీ రుజువేదీ? 2016లో పేరున్న ఓ రౌతుకు వేసిన 30 రోజుల నిషేధం అప్పీలులో వీగిపోయింది. మరుసటి ఏడాది నిబంధననే తిరగరాయాల్సి వచ్చింది.

రౌతు వైపూ న్యాయం ఉంది. తొలిసారి బరిలోకి దిగిన పిల్ల గుర్రాన్ని కొరడాతో బాదితే అది జన్మలో మళ్లీ మనసుపెట్టి పరిగెత్తదు. అలసిన గుర్రాన్ని తరిమితే కంచెల దగ్గర కూలబడి ప్రాణం పోగొట్టుకోవచ్చు. దయతో పగ్గం సడలించినవాడూ, దురాశతో బిగబట్టినవాడూ దూరం నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తారు.

ఇంటర్నెట్ పందేలు వచ్చాక వ్యవహారం ఇంకాస్త ముదిరింది. ఇప్పుడు గుర్రం ఓడుతుందనీ కాయొచ్చు. 2018 అక్టోబరులో ట్రామోర్‌లో వైకింగ్ హోర్డ్ అనే గుర్రం సగం దారిలోనే ఆగిపోయింది. పరీక్షిస్తే ఒంట్లో మత్తుమందు! అది ఓడుతుందని ఒకరు దాదాపు 35 వేల యూరోలు పణంగా పెట్టారు, 3,200 యూరోల లాభం కోసం. అంత ధీమా ఎక్కణ్నుంచి వచ్చింది? మందు పెట్టిన చెయ్యి ఎవరిదో తేలలేదు. శిక్షకుడు పెట్టాడని ఎవరూ అనలేదు. గుర్రాన్ని కాపలా లేకుండా వదిలేసినందుకు ఆయన లైసెన్సును 2021లో ఆరు నెలలపాటు నిలిపేశారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంటివాడో బయటివాడో కూడా తెలియలేదు.

అనుమానమూ అన్యాయమే

అలాగని ప్రతి ఓటమినీ కుట్ర అనేస్తే? 2021లో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్ ఉత్సవంలో 28 పందేలకు 23 ఐర్లండ్ గుర్రాలే గెలిచాయి. ఇంట్లో సత్తా దాచుకుని ఇక్కడికొచ్చి చూపిస్తారన్నది ఇంగ్లండ్ వాళ్ల పాత గొణుగుడు. కానీ బరువుల లెక్కే లేని పెద్ద పందేల్లోనూ ఆ ఏడాది వాళ్లదే పైచేయి. అక్కడ సత్తా దాచుకుంటే ఒరిగేదేమీ లేదు. వాళ్ల దగ్గర మంచి గుర్రాలున్నాయన్నదే అసలు సంగతి.

అనుమానానికి ఆధారం అక్కర్లేదు. అదే దాని బలం, అదే దాని పాపం. తెల్లవారకముందే లేచి గుర్రాల కొట్టం ఊడ్చే చిన్న శిక్షకుడూ, ఎముకలు విరగ్గొట్టుకుని బతికే రౌతూ ఓ నిజమైన ఓటమికి కూడా సంజాయిషీ చెప్పుకోవాలి. ఇటు, ప్రభుత్వం 2024లో గుర్రప్పందేలకు ఇచ్చిన 7 కోట్ల 60 లక్షల యూరోలు జనం సొమ్మే. పందెం కాయనివాడికీ ఇందులో వాటా ఉంది.

డబ్బు పోతే పందెంరాయుడు పెద్దగా బాధపడడు. పోతుందని తెలిసే వస్తాడు. వచ్చే వారం మళ్లీ వస్తాడు. అతను కోరేది ఒక్కటే... తాను కాసిన గుర్రం కూడా తనలాగే గెలవాలనే వచ్చి ఉండాలని. ఆ నమ్మకం పోయిన రోజున గ్యాలరీలు ఖాళీ అవుతాయి. ఇక అప్పుడు ఏ గుర్రం మొదట వచ్చినా ఒకటే!