కుర్లా రాయి

బొంబాయిలో రాజాబాయి గడియార స్తంభం వద్దకు వచ్చినవారు తల పైకెత్తి చూస్తారు. 280 అడుగుల కట్టడాన్ని మరొక విధంగా చూడటం సాధ్యం కాదు. కాని ఇంత ఎత్తు లేచిందంటే, మరెక్కడో ఒక కొండ తరిగిపోయి ఉండాలి. ఆ కొండ కుర్లాలో ఉండేది.

బొంబాయి ప్రాంతపు రాయి సాధారణంగా నల్లనిది. అగ్నిపర్వతాల లావా పొరలు పొరలుగా గడ్డకట్టినది. కుర్లా రాయిదీ ఆ వంశమే. అయితే చివరి కాన్పు బిడ్డవలె దాని ఛాయ వేరు, పసుపు కలిసిన గోధుమవన్నె. వయస్సు సుమారు 6 కోట్ల ఏండ్లు. అంతటి వయస్సుగల వస్తువును తెచ్చి పావుగంటలు లెక్కపెట్టే పనిలో నిలబెట్టినారు.

రాయి కొట్టేవాడు ముందుగా బండను చెవితో పరీక్షిస్తాడు. సమ్మెటతో తట్టినప్పుడు కంచువలె మ్రోగితే అది గట్టి రాయి. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో బీట ఉన్నదన్నమాట. తరువాత వరుసగా గుంటలు తొలిచి, చీలలు దిగగొట్టి, ఒక్కొక్కదానిపై సమానంగా దెబ్బలు వేస్తూ పోతాడు. తొందరపడితే రాయి వంకరగా పగులుతుంది. ప్రొద్దు పొడవగానే మొదలై, ప్రొద్దు క్రుంకితే ఆగే ఈ పనికి గడియారంతో నిమిత్తం లేదు.

స్తంభానికి ధనమిచ్చినవాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం వలన బొంబాయి ప్రత్తికి పట్టిన గిరాకీలో కోట్లు గడించి, 1865లో వచ్చిన పతనంలో కోట్లు పోగొట్టుకొన్న వ్యాపారి. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 2 లక్షల రూపాయలు, తల్లి రాజాబాయి పేరిట స్తంభానికి మరి 2 లక్షలు ఇచ్చినాడు. ఆమెకు చూపు లేదనీ, ప్రొద్దు క్రుంకకముందే భుజించే జైన నియమం తప్పకుండా గంట మ్రోతే ఆమెకు వేళ తెలిపేదనీ చెప్పుకొంటారు. నిజమైనా కాకపోయినా, తల్లి పేరు పెట్టిన కొడుకుకు తగిన కథ.

పని 1869లో మొదలై 1878 నవంబరులో ముగిసింది. నమూనా గీసిన గిల్బర్ట్ స్కాట్ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. ఆ ఏడాది మార్చిలోనే మరణించినాడు. స్తంభంపై పశ్చిమ భారతపు వివిధ కులాలకు ప్రతీకలైన 24 శిల్పాలను రూపొందించినవాడు రావుబహద్దూర్ ముకుంద్ రామచంద్ర. వీరి పేర్లన్నీ పుస్తకాలలో ఉన్నాయి. రాయి పేరూ ఉన్నది. రాయి కొట్టినవారి పేర్లు మాత్రం లేవు. ఆనాటి బొంబాయిని కట్టిన కూలీలలో తెలుగునేల నుండి వలసపోయిన కామాఠీలు ఎందరో ఉండేవారు. వారికి కామాఠిపురమనే పేట పేరైనా మిగిలింది, దానికి లోకంలో వచ్చిన ప్రతిష్ఠ ఎటువంటిదైనా.

2015 నాటికి స్తంభానికి జీర్ణోద్ధరణ జరిగింది. 2018లో యునెస్కో పురస్కారం లభించింది. మకిలి వదలిన రాయిలో పాత గోధుమవన్నె మళ్ళీ కనిపించింది. ఆ గంట కుర్లా వరకు వినిపించదు. కుర్లా నేడు క్రిక్కిరిసిన రైలు కూడలి. అక్కడ దిగే జనం ప్లాట్‌ఫారం మీది గడియారం వంక ఒకసారి చూచి, పరుగున మెట్లెక్కుతారు.