బాతుపిల్లలను పొదిగిన కోడి



కోనసీమ పల్లెల్లో ఇల్లు కట్టాలంటే ముందు నేలను మెరక చేసుకోవాలి. ఆ మెరకకోసం మట్టి తవ్విన చోట గుంట మిగులుతుంది. మా పెరటి గుంట అలాంటిదే. వానాకాలంలో నిండుతుంది. వేసవిలో కాలువ కట్టేశాక మోకాలిలోతుకు దిగుతుంది. పదిహేనేళ్ళుగా మేము అందులో బాతులను పెంచుతున్నాము. ఇప్పుడు ఆరు పెట్టలు, ఒక పోతు ఉన్నాయి. తోకమీద వంపు తిరిగిన ఈక ఉన్నది పోతు. గట్టిగా అరిచేది పెట్ట.

బాతుకు పెద్ద కొట్టం అక్కరలేదు. పొడినేల, ముంగిస దూరని తడిక ఉంటే చాలును. గుడ్డు తెల్లవారుజామున పెడుతుంది గనుక ఎనిమిది గంటలవరకు గూటిలోనే ఉంచాలి. ముందే వదిలితే గుడ్లు గుంటపాలవుతాయి. తవుడు తడిపి పెట్టాలి, పక్కనే నీళ్ళుండాలి. పొడిమేత గొంతుకు అడ్డుపడుతుంది. బూజుపట్టిన వేరుశెనగ చెక్క ఎన్నడూ వేయరాదు. ఆ బూజులోని విషం కోడికంటె బాతుకు ఎక్కువ ప్రమాదకరం. కాళ్ళు పట్టి ఎత్తకూడదు, వాటి కాళ్ళు బలహీనమైనవి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాలలో బర్డ్‌ఫ్లూ వచ్చింది. బాతు పైకి ఆరోగ్యంగా కనబడుతూనే ఆ వైరస్‌ను మోయగలదు. కాబట్టి చచ్చిన పక్షిని వట్టిచేతులతో ముట్టక పశువుల డాక్టరుగారికి తెలియజేయాలి.

ఇంత జాగ్రత్త చేస్తే బాతు మేలే చేస్తుంది. నాచు, పురుగులు, నత్తలు తానే వెదుక్కుంటుంది. పశువులకు కార్జపు జలగ జబ్బు నత్తలవలన వస్తుంది గనుక, బాతులు నత్తలను ఏరి తింటే గేదెలకూ క్షేమమే.

మావి ఖాకీ కాంప్‌బెల్ జాతి బాతులు. ఈ జాతిని ఇంగ్లాండులో శ్రీమతి కాంప్‌బెల్ అనే ఆమె తయారుచేసింది. మంచి మేత ఉంటే ఏడాదికి మూడువందల దగ్గరగా గుడ్లు పెట్టగలవు. అయితే వీటికి పొదిగే గుణం దాదాపు లేదు. గుడ్డు పెట్టి నీళ్ళలోకి పోతాయి, వెనుదిరిగి చూడవు. అందుచేత పొదుగుకు వచ్చిన నాటుకోడి క్రింద ఎనిమిది తొమ్మిది బాతుగుడ్లు పెడతాము.

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు, బాతుగుడ్డుకు 28 రోజులు. ఇరవై ఒకటవ రోజు దాటుతుంది. క్రింద ఏ అలికిడీ ఉండదు. అయినా మా కోడి లేవదు. కాస్త గింజలు తిని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. తనవి కాని గుడ్లకోసం తన లెక్కకు మించిన ఆ ఏడు రోజులు చిక్కిపోతూ కూర్చుంటుంది. ప్రతి ఏడూ ఆ వారం మేము దానిని చూసి మౌనంగా ఉండిపోతాము.

ఎందుకంటే మా ఇంట పెరిగిన ఇద్దరు పిల్లలు మా కడుపున పుట్టినవారు కారు, మా చెల్లెలి బిడ్డలు. వారి తండ్రి సముద్రంమీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. రెండేళ్ళకు చెల్లెలు జబ్బుచేసి ప్రభువునందు నిద్రించింది. అప్పుడు బాబుకు ఆరేళ్ళు, పాపకు మూడేళ్ళు. “రెక్కలొస్తే ఎగిరిపోయేవాళ్ళకు ఇంత శ్రమ ఎందుకు?” అన్నారు కొందరు. మేము జవాబు చెప్పలేదు. కుటుంబ ప్రార్థనలో చాపమీద ఇద్దరికి చోటు చేశాము.

బాబుకు పద్దెనిమిదేళ్ళు వచ్చాక ఒక రాత్రి భోజనాలవేళ, “పెద్దనాన్నా, నేను కాకినాడ వెళ్ళి బోటు ఇంజిను పని నేర్చుకుంటాను” అన్నాడు. మా ఇద్దరి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. తండ్రిని మింగిన నీటిమీదికే వీడూ వెళ్తానంటున్నాడు! “పెద్దమ్మా, నువ్వు వద్దంటే మానేస్తాను” అని కూడా అన్నాడు. ఆ మాటే మాకు మరీ బరువైంది. మూడు రాత్రులు ప్రార్థించి, నాలుగవ రోజు వాడి తలమీద చేతులుంచి పంపాము.

కోడి పెంచిన బాతుపిల్లలకు తల్లిబాతు ఈకల నూనె అంటదు. అందుకని మొదటి కొన్ని వారాలు పళ్ళెంలో నీళ్ళే పెట్టి, లోతుకు పోనివ్వము. ఈకలు వచ్చాక అవి గుంటలోకి దిగుతాయి. కోడి గట్టుమీద అటూ ఇటూ పరుగెత్తుతూ పిలుస్తుంది. అది నీళ్ళలోకి దిగలేదు. అయినా గట్టు విడిచి పోదు.

ఎస్తేరు గ్రంథము రెండవ అధ్యాయములో మొర్దెకైని చూడండి. తలిదండ్రులు లేని ఎస్తేరును తన కుమార్తెగా పెంచాడు. ఆమె రాజు ఇంటికి వెళ్ళాక లోపలికి పోలేక, ఆమె క్షేమం తెలిసికొనుటకు ప్రతిదినము అంతఃపురపు ఆవరణము ఎదుట తిరుగుతుండెను. పెంచినవారి పని అంతటితో ముగియలేదు, గట్టుమీదికి మారింది.

బంగాళాఖాతంలో అల్పపీడనమని వార్త వినబడితే మేమూ అంతే. వాడు ఫోను ఎత్తేవరకు ఇంట్లో ముద్ద దిగదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధమున్న 61 రోజులలో వాడు ఇంటికి వస్తాడు. బాతుగుడ్ల పులుసు తింటాడు, సంఘములో యౌవనస్థులతో కూర్చుంటాడు. మళ్ళీ వెళ్తాడు. మా భయం పోలేదు. దానితోనే మోకరిస్తున్నాము.

మన సంఘములలో కువైటుకు, మస్కటుకు వెళ్ళిన తల్లుల బిడ్డలను పెంచే అమ్మమ్మలున్నారు. అన్న బిడ్డలను పెంచే బాబాయిలు, అక్క బిడ్డలను పెంచే మేనమామలు ఉన్నారు. మీ లెక్కకు రోజులు ఎప్పుడో నిండిపోయి ఉండవచ్చును. విసుగక ఇంకొక ఏడు రోజులు కూర్చోండి. పిల్లలు తమకు దేవుడిచ్చిన నీళ్ళలోకి దిగిన దినమున గట్టు విడువకండి. మనము దిగలేని లోతులలో వారిని కాయువాడు మన ప్రభువే. ఆయన మీ ఇంటి పిల్లలందరిని కాపాడును గాక.