బొబ్బిలి వీణ

విజయనగరమునుండి రాయగడ పోవు రైలుమార్గమున బొబ్బిలి కలదు. ఆ పేరు విన్నతోడనే మనకు 1757 నాటి యుద్ధము స్ఫురించును. కోటకథ నెఱిగినవారు పెక్కురు; పట్టణము చెంతనున్న గొల్లపల్లిని చూచినవారు కొందఱే. వీణలు పుట్టుచోటది. మా పెద్దమ్మాయికి సంగీతము చెప్పింప నిశ్చయించి మొన్నటి వేసవి సెలవులలో మేమచటికి పోయితిమి.

వీథిలో నడచుచుండగనే ఉలిచప్పుడు వినవచ్చును. సర్వసిద్ధివారు తరతరములుగా నీ పని చేయుచున్నారు. ఒక్క పనసదుంగనే తొలిచి కుండయు దండియు నేకముగా తీయుట యిచటి విశేషము. అతుకులేని యా వీణను ఏకాండి వీణ యందురు. 2011లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

అరుగుపై బారులు తీర్చిన చిన్నవీణలను చూచి మా అమ్మాయి కదలకుండెను. లతలు, నెమళ్లు, యాళిముఖము, బంగారు వన్నె! సభలలో సన్మానితులకిచ్చునవి యివియే. "అమ్మా, ఇవి కంటికి, అది చెవికి" అని యొక వృద్ధశిల్పి మూలనున్న, రంగింకను వేయని పెద్దవీణను చూపెను. బొమ్మవీణలను చిన్నచూపు చూచువారితో నేనేకీభవింపను. వానివలననే గదా యా యిండ్లలో పొయ్యి వెలుగుచున్నది!

అయినను, సోదరీమణులారా, వాయించుటకు కొనునపుడు నగిషీని కొంత తడవు మఱవవలెను. కుండపై వ్రేలితో తట్టిన నాదము వెంటనే అణగిపోరాదు. దండి వెంబడి కన్ను సారించి వంకర లేదని చూచుకొనవలెను. మెట్లు 24, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు సరి. వానిని నల్లని మైనములో నిలుపుదురు. ఎండకు మైనము మెత్తబడెనా, మెట్టు జరుగును, స్వరము తప్పును. కావున వీణను ఎండతగులు కిటికీకడ నుంచరాదు. తంత్రులేడింటిలో నాలుగు వాయించుటకు, మూడు శ్రుతితాళములకు. పూర్వము దంతపు చెక్కడములుండెడివి. ఇప్పుడు దంతవిక్రయము నిషిద్ధము గనుక ప్లాస్టిక్కు వాడుదురు. నాదమునకు దంతముతో నేమి పని?

మా యింటివారు మైకు సంగతి యెత్తిరి. చెక్కకంటించు మైకు చెక్కయదురును గ్రహించును. అయస్కాంతపు పికప్పు ఉక్కుతంత్రుల కదలికనే గ్రహించును. రెండవదానిముందు మేలిపనస గొప్ప యంతగా తెలియదు. పెద్దసభలో వాయించువారికవి యక్కఱయే గాని, సరళీస్వరములు నేర్చు పిల్లకేల?

రంగువేయని పెద్దవీణకే బయానా యిచ్చితిమి. నెమలి యుండితీరవలెనని మా అమ్మాయి పట్టుపట్టినది. కుండపై పలకను ముట్టక, అంచున చిన్నదానిని చెక్కెదనని యాయన యొప్పుకొనెను.