మన వేలిముద్రకు మనమే కాపలా



ఈ మధ్య గ్రూపులో ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, ఫోన్‌లో యాడ్ వస్తుంది. ఏడాదికి ఇంత కడితే నీ సిబిల్ స్కోరు మేం కనిపెట్టుకుని ఉంటాం, నీ పేరు మీద ఎవడైనా లోన్ తీస్తే వెంటనే చెప్తాం అంటున్నారు. కట్టమంటారా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, కొత్తగూడెంలో ఉన్న మేం నలుగురం కూర్చుని మాట్లాడుకుని ఇక్కడే రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు, ఇది మనకెందుకు అనే సంగతి. మన ఏజెన్సీలో తాత ముత్తాతల భూములు ఎట్లా పోయాయో ఇంట్లో పెద్దలను అడిగితే చెప్తారు. ఉప్పు, బట్ట అప్పిచ్చి తెల్ల కాగితం మీద వేలిముద్ర పెట్టించుకున్నారు. ఆ బాధలోంచే 1/70 చట్టం దాకా వచ్చాం. ఇప్పుడు కాగితం పోయి మిషన్ వచ్చింది. రేషన్‌కు వేలు, పెన్షన్‌కు వేలు, సిమ్‌కు వేలు. తునికాకు బోనస్ ఖాతాలోనే పడుతుంది. 2023లో పోడు పట్టాలొచ్చిన వాళ్లకు రైతుబంధు కూడా ఖాతాలోనే పడింది. డబ్బు ఎక్కడ పడితే దొంగ చూపు అక్కడే ఉంటది.

"మాకు లోన్లే లేవు, సిబిల్‌తో ఏం పని" అనుకోవద్దు. అమ్మ సంఘంలో తీసుకున్న అప్పు, వారం వారం కట్టే ఫైనాన్స్ అప్పు కూడా ఆమె పేరు మీద రికార్డు అవుతాయి. రేపు మీకు ట్రైకార్ సబ్సిడీ వచ్చినా, మిగతా వాటా లోన్ ఇచ్చేది బ్యాంకే. చదువు లోన్‌కు పోతే నాన్న రికార్డు కూడా తీస్తారు.

ఇల్లెందు వైపు మన చెల్లె ఒకామెకు ఇదే జరిగింది. నర్సింగ్ ఫీజుకు లోన్ అడిగితే, వాళ్ల నాన్న పేరు మీద రెండు ఫోన్ల వాయిదాలు ఎగ్గొట్టినట్టు ఉందన్నారు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. సంతలో సిమ్ తీసుకున్నప్పుడు ఆధార్, పాన్ జిరాక్సులు, ఫొటో ఇచ్చి వచ్చాడట. అవి ఎవరి చేతుల్లోకి పోయాయో తెల్వదు. ఆ పేరు సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగాం. ఈలోపు ఫీజు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది.

ఇక డబ్బు కట్టి సేవ తీసుకోవాలా అంటే, మా మాట: ముందు ఉచితంగా వచ్చేది వాడండి. మన దేశంలో అప్పుల రికార్డు పెట్టే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి స్కోరుతో సహా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2017 నుంచి అమల్లో ఉంది. నాలుగూ ఒకేసారి తీయకండి. మూడు నెలలకొకటి తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

అయినా కట్టాలనుకుంటే నాలుగు విషయాలు అడగండి. నాలుగు కంపెనీల రికార్డులూ చూస్తారా, ఒక్కదాన్నేనా? మోసం జరిగితే కేవలం మెసేజ్ పెడతారా, సరిచేయించడానికి మనిషి సాయం ఉంటదా? ఏడాది అయిపోయాక డబ్బు దానంతట అదే కట్ అవుతదా? మన వివరాలు లోన్లు అమ్మేవాళ్లకు ఇస్తారా? ఇంకోటి గుర్తుంచుకోండి, ఈ సేవలు దొంగతనాన్ని ఆపవు. జరిగాక చెప్తాయి, అంతే.

పైగా మన ఊళ్లల్లో జరిగే మోసం అంతా ఆ రిపోర్టులో కనపడదు. 2018లో మన రాష్ట్రంలోనే, ధర్మపురికి చెందిన ఒక సిమ్‌ల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపు మిషన్‌తో నకిలీ వేళ్లు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆధార్ మిషన్ మీద డబ్బు తీయడానికి ఓటీపీ అక్కర్లేదు, వేలు చాలు. అది అప్పు కాదు కాబట్టి ఏ స్కోరులోనూ తేలదు.

దానికి మందు బయోమెట్రిక్ లాక్. ఆధార్ వాళ్ల అధికారిక యాప్‌లోగానీ సైటులోగానీ ఉచితంగా వేసుకోవచ్చు. ఆధార్‌కు మన ఫోన్ నంబరు లింకై ఉండాలి. కానీ ఇక్కడ మనకో చిక్కుంది. లాక్ వేస్తే రేషన్ షాపులో, పెన్షన్ దగ్గర కూడా వేలు పడదు. హాస్టల్లో ఉండే మనం లాక్ వేసుకుంటే ఇబ్బంది లేదు. గుండాల అడవిలో ఉన్న అవ్వకు లాక్ వేసి మనం పట్నం వచ్చేస్తే ఆమె ఆ నెల పెన్షన్ లేకుండా తిరిగి రావాల్సి వస్తది. కాబట్టి అలాంటి పెద్దల ఖాతాలో ఎక్కువ డబ్బు ఉంచకుండా, మెసేజ్‌లు మన ఫోనుకు వచ్చేట్టు చేయించండి. వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగమని చెప్పండి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే రెండోసారి ఎందుకు పెడుతున్నామో అడగమనండి. మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూస్కోండి.

మోసం జరిగితే ఆలస్యం వద్దు. 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మన తప్పు లేకుండా బయటివాడు డబ్బు కాజేస్తే, బ్యాంకు సమాచారం వచ్చిన 3 పనిదినాల్లోపు చెప్తే నష్టం మన మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మనకు ఇవ్వాలనే నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి, అది లేకపోతే ఎవరూ వినరు.

చివరగా ఒక గట్టి మాట. "నీ ఖాతా, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, 5 వేలిస్తాం" అని కాలేజీల దగ్గర తిరిగేవాళ్లున్నారు. ఖర్చులకు కష్టంగా ఉంటదని మాకూ తెల్సు. కానీ పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లింటికే. మన గూడెంలో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లోడి మీద కేసు పడితే వెనక వచ్చే పిల్లల చదువు కూడా ఆగుతది.

ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్కొక్కరం ఐదిళ్లు తీసుకుందాం. రిపోర్టు తీయడం, సిమ్‌లు చూడడం, ఫోన్ నంబరు లింకు ఉందో లేదో చూడడం. ఒక ఇంటికి గంట కూడా పట్టదు. చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి వైపు వెళ్లేవాళ్లు కింద పేరు రాయండి, ఎట్లా చేయాలో మేం ఫోన్‌లో చెప్తాం.

జోహార్.