అక్షరాల గృహప్రవేశం

జావా అంటే మా అత్తయ్యకు రాగిజావే. పొద్దున్నే గ్లాసుడు తాగితే ఒంటికి చలువ అంటుంది. అందుకే ‘ఆఫీసులో ఆర్నెల్లుగా జావాతోనే కుస్తీ అత్తయ్యా’ అంటే ఆమెకు నవ్వాగలేదు. ఆదివారం పేజీలకు ఫీచర్లు రాసుకునేదానికి నీకెందుకీ కుస్తీ అంటారా... మా పత్రిక వెబ్‌సైటు పాతిల్లు ఖాళీ చేసి కొత్త పోర్టల్‌లోకి మారుతోంది. ఇరవయ్యేళ్ల నాటి వ్యాసాలన్నీ కొత్తింటికి చేరాలి. యంత్రాల సంగతి టెక్నికల్ విభాగం చూసుకుంటుంది. తెలుగు సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి మాత్రం సంపాదకవర్గం నుంచి ఓ మనిషి కావాలన్నారు. ఆ మనిషిని నేనే!

ఈ జావా 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ నుంచి వచ్చిన కంప్యూటర్ భాష. మొదట పెట్టిన పేరు ఓక్. చెట్టు పేరు పోయి కాఫీ పేరు వచ్చింది. 2010లో సన్ సంస్థను ఒరాకిల్ కొనేసింది. ఇక పోర్టల్ సంగతి మా టెక్నికల్ కుర్రాడు పేపరు పేజీ చూపించి మరీ చెప్పాడు. ‘వాతావరణం ఒక డబ్బాలో, బంగారం ధర ఇంకో డబ్బాలో వేస్తారు కదక్కా, అలాగే వెబ్ పేజీలో ఒక్కో డబ్బా ఒక్కో చిన్న ప్రోగ్రాము. దాని పేరు పోర్ట్‌లెట్. వాటన్నిటినీ ఒకచోట అమర్చేది పోర్టల్’. ఈ పోర్ట్‌లెట్లు ఎలా ఉండాలో చెప్పే ఉమ్మడి నిబంధనలు తొలిసారి 2003లో వచ్చాయి. తమాషా ఏంటంటే, వాటిలో ఒక డబ్బా పక్క డబ్బాతో మాట్లాడుకునే ఏర్పాటే లేదు. అచ్చం మా అపార్ట్‌మెంట్‌లా! 2008లో వచ్చిన రెండో నిబంధనలతో ఆ మాటలు కలిశాయి.

మొదటిరోజు ‘ముందు మీ లాప్‌టాప్‌లోనే ఖాళీ ఇల్లు కట్టుకుందాం’ అన్నాడు. పోర్టల్‌ని దింపుకొని, నడిపించి, బ్రౌజర్‌లో తెరిస్తే తెల్లటి పేజీ. డబ్బాలు లాగి పెట్టుకోవడం గంటలో వచ్చేసింది. అంతేనా అనిపించింది. అతడి తిప్పలు వేరు. జావా వెబ్ ప్రోగ్రాముల్లో చాలాచోట్ల ‘జావాఎక్స్’ అని ఉండే పేర్లు 2020 నాటి కొత్త నిబంధనల్లో ‘జకార్తా’ అయిపోయాయి. పాత ప్రోగ్రాముల్లో అవన్నీ వెతికి మార్చాలి. అన్నట్టు, జకార్తా ఉన్నది జావా ద్వీపంలోనే!

నా తిప్పలు మొదలైంది అక్షరాలతో. 2000ల్లో తెలుగు పత్రికల సైట్లు చాలావరకు సొంత ఫాంట్లతో నడిచేవి. లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు వేషం. ఫాంటు లేని కంప్యూటర్‌లో వేషం ఊడిపోయేది. తర్వాత అందరూ యూనికోడ్‌కు మారారు. అందులో ప్రతి అక్షరానికీ ఒక అంకె... ‘అ’ది 3077. జావాకు పుట్టుక నుంచీ యూనికోడ్ తెలుసు. అయినా, బటన్ల మీద పేర్లు రాసుకునే ఫైల్లో నేరుగా తెలుగు రాయడానికి 2017లో జావా 9 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు ‘వెతుకు’ అనే మూడక్షరాల మాటకు ఆరు సంకేతాలు కొట్టేవారు. ఇంకో చిక్కు... ఏ పద్ధతిలో అక్షరాలు దాచాలో ప్రోగ్రాములో చెప్పకపోతే జావా ఆ కంప్యూటర్‌కు అలవాటైన పద్ధతి పట్టుకునేది. అది తెలుగు ఎరగని పద్ధతైతే అక్షరానికి బదులు ప్రశ్నార్థకం వచ్చి కూర్చునేది. 2022లో వచ్చిన జావా 18తో ఈ అలవాటు మారింది.

ఈ ఆర్నెల్లలో నేను నేర్చుకున్న వైద్యం ఒకటుంది. తెర మీద ఖాళీ డబ్బాలు కనిపిస్తే సాధారణంగా భయం లేదు, ఫాంటు పెడితే చాలు. ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తే చాలాసార్లు మందుంది, ఓపికుండాలి. దాచిన వ్యాసంలోనే ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం అక్షరం పోయినట్టే. దాని వెనక ‘అ’ ఉందో ‘క’ ఉందో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు.

అలా ఉండగా ఏలూరు నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేశారు. తమ ఊళ్లో అరుగు మీద కూలీలకు చదువు చెప్పిన వాళ్లావిడ గురించి 2005లో మా ఆదివారం సంచికలో వ్యాసం వచ్చిందట. ఆవిడ ఇప్పుడు లేరు. ‘మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడమ్మా. ఏటా వాళ్లమ్మ పోయిన రోజున అది తెరిచి పిల్లలకు చదివి వినిపిస్తాడు. ఈసారి పేజీ లేదంటోందిట. తీసేశారా?’

తీసెయ్యలేదు. కొత్తింట్లో వ్యాసం చిరునామా మారింది, అంతే. మంచి చిరునామాలు మారవని వెబ్‌ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే రాసిపెట్టారు. పాత చిరునామా తట్టినవాళ్లను కొత్తదానికి పంపే పట్టిక ఒకటి రాసుకోవచ్చు. అదేమంత కష్టం కాదు. కానీ ఎన్ని వేల వ్యాసాలు! పని అంచనాలో తరలింపు మొత్తానికి ఇచ్చింది రెండు వారాలు. సర్వర్లకు లెక్క కట్టినంత శ్రద్ధగా అక్షరాలకు ఎవరూ లెక్క కట్టరు.

తీరా వ్యాసం దొరికాక చూస్తే సగం ప్రశ్నార్థకాలే. ఇప్పటివి కాదు, ఎప్పుడో మధ్యలో సర్వర్ మార్చినప్పటివి. ఆవిడ పేరులో ఒక్క ‘మ్మ’ మిగిలింది. డల్లాస్ అబ్బాయి ఇన్నేళ్లూ ఏం చదివాడో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది... మొదటిసారి తెరిచినప్పుడే కాగితం మీద ప్రింటు తీసుకున్నాడట. తెర మీద పేజీ తెరిచి, ఆవిడ ఫొటో పిల్లలకు చూపిస్తూ, చదివేది మాత్రం ఆ కాగితమేనట.

లైబ్రరీలో 2005 బైండు పుస్తకం దింపించి, దుమ్ము దులిపి, వ్యాసం మొత్తం మళ్లీ కొట్టాను. నాలుగో రోజుకు పాత చిరునామా తడితేనే పేజీ తెరుచుకుంది. పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా అడిగారు.

‘అప్పట్లో మా ఆవిడ పుట్టిన ఊరు తప్పు వేశారమ్మా. ఎలాగూ మళ్లీ కొట్టారు కదా, అది కూడా సరిచేస్తారా?’

కింద చిన్న గమనిక పెట్టి సరిచేశాం.