గుడ్డెలుగు ప్రయాణాలు



మా ఇంట్లో ఒక ఎలుగుబంటి ఉన్నది. జానెడున్నర ఎత్తు, గోధుమరంగు బొచ్చు, లోపలంతా దూది. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన బేరమాడి కొన్నది. ఒక కన్ను ఊడిపోతే చొక్కా గుండీ కుట్టాము. గత మూడేళ్లలో ఆ బొమ్మ బస్సెక్కింది, మెట్రో రైలెక్కింది, జంతు ప్రదర్శనశాలకు వెళ్లింది, బడిలో బల్ల మీద కూర్చుని హాజరు కూడా వేయించుకున్నది. అది ఎందుకు తిరిగిందో, ఎవరి కొరకు తిరిగిందో చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

దాని పేరు గుడ్డెలుగు. ఆ పేరు పెట్టినవాడు మా మేనల్లుడు. మా పల్లెల్లో ఎలుగుబంటిని గుడ్డెలుగు అనే అంటారు. "ఇది గుడ్డతోని చేసిన ఎలుగే గదా, గుడ్డెలుగు అంటే సరిపాయె" అన్నాడు వాడు. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు.

2022 వర్షాకాలంలో వాడికి జ్వరం వచ్చి తగ్గలేదు. ముఖం పాలిపోయింది. కాళ్ల ఎముకలు నొప్పి అని రాత్రుళ్లు ఏడ్చేవాడు. దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలపు మచ్చలు కనిపించాయి. ఇట్టి గుర్తులు మీ పిల్లలలో కనిపిస్తే ఆలస్యం చేయక రక్త పరీక్ష చేయించండి. మా వాడికి పరీక్షలో రక్త క్యాన్సర్ అని తేలింది. పిల్లలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదేనట. మందులు పూర్తిగా వాడితే చాలామంది పిల్లలు బాగుపడతారని, అయితే చికిత్స రెండు మూడేళ్లు సాగుతుందని వైద్యులు చెప్పారు. చికిత్స నగరంలో, వాళ్ల ఊరు నల్లగొండ వైపు. గనుక వాడు, వాడి తల్లి మలక్‌పేటలోని మా ఇంటికి వచ్చి ఉన్నారు. బావగారు పొలం, పశువులు చూసుకుంటూ ఊళ్లోనే ఉండి వస్తూ పోతూ ఉండేవారు.

ఆ మందులు రోగంతో పాటు ఒంట్లోని మంచి తెల్ల కణాలను కూడా తగ్గిస్తాయి. అవి తగ్గినప్పుడు చిన్న జలుబు కూడా ప్రమాదమే. జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుచేత జనంలోకి తీసుకుపోవద్దన్నారు. హైదరాబాదు చూడాలని ఎన్నాళ్ల నుంచో ముచ్చటపడిన పిల్లవాడు హైదరాబాదుకు వచ్చి, ఒక గదిలో ఉండిపోయాడు.

ఆ గది కిటికీలో నుంచి మెట్రో రైలు కనిపిస్తుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్‌బీ నగర్ వరకు ఆ దారి ప్రారంభమయింది. వాడు రోజంతా రైళ్లు లెక్కపెట్టేవాడు.

"మామా, ఆ బండి ఏడికి పోతది?"

"ఎల్‌బీ నగర్ దాకా పోతది."

"నేనెప్పుడు ఎక్కాలె?"

మా దగ్గర జవాబు లేదు. కాసేపటికి వాడే అన్నాడు: "పోనీ నా బదులు గుడ్డెలుగును తీస్కపో. అది ఏమేం చూసిందో వచ్చినంక నాకు చెప్పాలె."

ఆలోచన అలా వాడి నోటి నుంచే వచ్చింది. మేము చేసిందల్లా సంచిలో బొమ్మను పెట్టుకొని బయలుదేరడమే. అయితే ఆసుపత్రి నర్సమ్మ ఒక షరతు పెట్టింది. బొచ్చు బొమ్మలు దుమ్మును, క్రిములను పట్టుకుంటాయి గనుక బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారి వేడి నీళ్లు, సబ్బు పెట్టి ఉతకాలి. ఎండలో బాగా ఆరిన తరువాతే పిల్లవాడి చేతికి ఇవ్వాలి. కాబట్టి మా గుడ్డెలుగు ఎక్కడికి వెళ్లి వచ్చినా తెల్లవారి దండెం మీద చెవులకు క్లిప్పులు పెట్టించుకొని వేలాడేది. ఇరుగుపొరుగువారు నవ్వేవారు. అది ఆరేలోగా మేము కథ సిద్ధం చేసుకునేవారము.

మొదటి ప్రయాణం మెట్రోలో. మలక్‌పేటలో ఎక్కి న్యూ మార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్‌బీ నగర్‌లో దిగాము. పేర్లు చెప్పితే చాలదు వాడికి. ఏ స్టేషన్‌లో ఎందరు ఎక్కారు, పైనుంచి ఏం కనిపించింది, గుడ్డెలుగు భయపడిందా అని అడిగేవాడు. వాడి ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే మేమూ కళ్లు తెరిచి చూడవలసి వచ్చింది.

విక్టోరియా మెమోరియల్ అంటే ఏమిటన్నాడు. 1901లో విక్టోరియా రాణి చనిపోయిన తరువాత ఆమె జ్ఞాపకార్థం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లోని తన భవనాన్ని అనాథ పిల్లల కొరకు ఇచ్చాడనీ, స్టేషన్‌కు ఆ పేరు అందువల్లనే వచ్చిందనీ చెప్పాము. "రాజు ఇల్లు పిల్లలకు ఇచ్చిండా!" అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

రెండవ ప్రయాణం ఒక ఆదివారం ఆరాధన తరువాత రేమండ్ సమాధికి. రేమండ్ ఫ్రెంచి దేశస్థుడు. రెండవ నిజాం అలీ ఖాన్ దగ్గర సేనాపతిగా ఉండి 1798లో చనిపోయాడు. గుట్ట మీద నల్లరాతితో కట్టిన ఎత్తయిన కోణస్తంభమే ఆయన సమాధి. దాని అరుగు మీద గుడ్డెలుగును కూర్చోబెట్టి ఫోటో తీశాము. ముసల్మానులు ఆయనను మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారు. మూసారాంబాగ్ అనే పేరు అలా వచ్చిందే.

ఇది విని మా వాడు వెంటనే నవ్వలేదు. ఫోటో చూస్తూ నెమ్మదిగా అడిగాడు: "పరాయి దేశమాయన పేరు ఇన్నేండ్లు యాది పెట్టుకున్నరు. మా బడిల నన్ను యాది పెట్టుకుంటరా, అత్తా?"

వాడి దిగులు ఏమిటో ఆనాడు మాకు తెలిసింది. సూదులకు వాడు అంతగా ఏడ్వలేదు. జుట్టు రాలినప్పుడు కూడా ఓర్చుకున్నాడు. కాని బడిలో తన చోటు వేరొకరికి పోతుందేమో అన్న భయం వాడిని లోలోపల తినివేస్తున్నది.

అమెరికాలో ఒక మంచి పద్ధతి ఉన్నది. క్యాన్సర్ వచ్చి బడికి రాలేని పిల్లల కుర్చీలో ఒక కోతి బొమ్మను కూర్చోబెడతారు. దాని పేరు 'మంకీ ఇన్ మై చెయిర్', అంటే నా కుర్చీలో కోతి. తరగతి పిల్లలు ఆ కోతిని తమ వెంట తిప్పుకుంటూ, ఫోటోలు తీసి రోగిగా ఉన్న స్నేహితునికి పంపుతారు. వాళ్లకు కోతి ఉంటే మాకు ఎలుగు ఉన్నది కదా అనుకున్నాము. వాళ్ల ఊరి బడి ఉపాధ్యాయునికి ఫోను చేస్తే ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

అలా మూడవ ప్రయాణం ఊరికి. ఎల్‌బీ నగర్‌లో ఆర్టీసీ బస్సు ఎక్కాము. ఒడిలో బొమ్మను చూసి కండక్టరు, "ఈయనకు అర టికెట్టా, పూర్తి టికెట్టా?" అని అడిగితే బస్సంతా నవ్వింది.

బడిలో మాత్రం మొదట ఎవరూ నవ్వలేదు. గుడ్డెలుగును చూసి పిల్లలు పరుగెత్తుకొని వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడిన ఒక తల్లి తన బిడ్డను చెయ్యి పట్టి వెనక్కు లాగింది. "దాన్ని ముట్టకు. ఆ పిల్లగాని రోగం అంటుకుంటది" అన్నది. మరి ఇద్దరు ముగ్గురు కూడా తమ పిల్లలను పిలుచుకున్నారు. ఆమెను తప్పుపట్టలేము. క్యాన్సర్ అంటే ఊళ్లలో అంత భయం. అప్పుడు ఉపాధ్యాయుడు ఏమీ వాదించలేదు. గుడ్డెలుగును తీసి తన ఒడిలో కూర్చోబెట్టుకున్నారు. "క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. తాకితే రాదు, కలిసి తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. మన నుంచే వానికి జలుబు, దగ్గు అంటకుండా మనం జాగ్రత్తపడాలె" అని నిదానంగా చెప్పి, హాజరు పట్టీ తెరిచారు. మా వాడి పేరు పిలవగానే తరగతి అంతా ఒక్కసారి "హాజర్ సార్!" అని అరిచింది. వెనక్కు లాగబడిన పిల్ల గొంతు కూడా అందులో ఉన్నది.

గుడ్డెలుగు రెండు వారాలు అక్కడే ఉన్నది. రెండో వరుసలో, కిటికీ పక్కన, మా వాడి చోటులో కూర్చున్నది. చెరువు కట్ట చూసింది. పత్తి చేనులో ఫోటో దిగింది. తిరిగి వచ్చేటప్పుడు దాని మెడలో ఇరవై మూడు ఉత్తరాలున్న సంచి వేలాడుతున్నది. ఒకడు వ్రాశాడు: "నీ జాగ ఎవ్వనికీ ఇయ్యలే. గుడ్డెలుగు మంచిగ కూసుంటది గని లెక్కలు రావు. నువ్వు జల్ది రా."

ఈ ఉత్తరాలు మా వాడికన్నా ఎక్కువగా ఇంకొకరికి పనికివచ్చాయి. చికిత్స ఎనిమిదవ నెలలో పిల్లవాడు బాగా తేరుకున్నాడు. జుట్టు మళ్లీ మొలిచింది. ఆకలి పుట్టింది. పరీక్షలో రోగపు కణాలు కనిపించలేదు. అప్పుడు బావగారు వచ్చి, "పిల్లగాడు మంచిగనే ఉన్నడు గదా, ఇంక మందులెందుకు? తీసుకపోత. అటు పొలం పాడుపడ్డది, అప్పు పెరిగింది" అన్నారు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స జరుగుతున్నా, దారి ఖర్చులు, పోగొట్టుకున్న కూలి, ఇంటి దగ్గరి పనులు ఎవరు తీరుస్తారు? ఆయన బాధ నిజమైనదే. కాని కంటికి కనిపించని రోగపు కణాలు ఇంకా మిగిలి ఉంటాయి. వాటి కొరకే రోజువారీ మాత్రలు నెలల తరబడి వాడాలి. మన దేశంలో ఈ చికిత్సను మధ్యలో ఆపినందువల్లనే ఎందరో పిల్లల రోగం తిరగబెడుతున్నదని వైద్యులు ఎంతగానో చెప్పారు. బావగారు తల వంచుకొని విన్నారే గాని మనసు మారలేదు.

ఆ రాత్రి కొడుకు పక్కన కూర్చుని ఆయన ఉత్తరాల సంచి విప్పారు. చదువు తక్కువ. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ అన్నీ చదివారు. పొద్దున మాతో ఒక్క మాట అన్నారు: "ఊరంతా వీడు వస్తడని కూసున్నది. నేనే రాడనుకుంటే ఎట్ల?" ఒక ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని ఒంటరిగా ఊరికి బస్సెక్కారు.

తరువాతి ప్రయాణాలలో ఒకటి నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు. 1963లో తెరిచిన ఆ తోటలో మన అడవుల నల్ల ఎలుగులున్నాయి. వాటి ఎదుట గుడ్డెలుగును ఎత్తి చూపాము. ఈ సంగతి విని మా అమ్మ పాత కాలం ఎత్తుకున్నది. ఆ రోజుల్లో కలందరులు ముక్కుకు తాడు వేసిన ఎలుగును ఊరూరా ఆడించేవారు. దడుసుకున్న పిల్లలను దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. వెంట్రుకను తాయెత్తులో పెట్టి కట్టేవారు. "పాపం, దానికి నొస్తది గదా" అన్నాడు మా వాడు. చేతికి సూది గుచ్చిన చోటు తడుముకుంటూ అన్నాడు. 1972 వన్యప్రాణి చట్టం ఆ ఆటను తప్పన్నదనీ, ఆడించేవారికి వేరే జీవనోపాధి చూపుతూ ఎలుగులను విడిపించారనీ, 2009 నాటికి చివరిదాన్నీ విడిపించారనీ చెప్పితే ఊపిరి పీల్చుకున్నాడు.

అసలు ఎలుగు బొమ్మ ఎక్కడిదని అడిగితే ఇంకొక కథ చెప్పాము. 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటకు వెళ్లి, కట్టివేసిన ఎలుగును కాల్చనన్నాడు. పత్రికలో ఆ బొమ్మ పడింది. ఆయన ముద్దుపేరు మీద 'టెడ్డీ' బొమ్మ పుట్టింది. ఆ కాలంలోనే జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ అనే ఆమె కార్ఖానాలో కూడా కాళ్లు చేతులు కదిలే ఎలుగు బొమ్మ తయారయింది. పసితనంలో పోలియో వచ్చి ఆమె కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే బొమ్మలు కుట్టి అంత పెద్ద కార్ఖానా నడిపింది. ఆ ఎలుగును రూపొందించినవాడు రిచర్డ్, ఆమె అన్నదమ్ముల సంతానం. "అంటే మేనత్త, మేనల్లుడు! మన లెక్కనే" అన్నాడు మా వాడు, వాళ్ల అత్త వైపు చూసి.

2025 ఆరంభంలో మందులు పూర్తయ్యాయి. జూన్‌లో బడి తెరిచిన రోజున మా వాడు తన చోటులో తానే కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మలక్‌పేటలో మెట్రో ఎక్కించి ఎల్‌బీ నగర్ వరకు తీసుకువెళ్లాము. ఇప్పటికీ పరీక్షలకు ఆసుపత్రికి వస్తాడు. ప్రతిసారి ఫలితం వచ్చే వరకు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. గుడ్డెలుగును మాత్రం తీసుకుపోలేదు. "ఇంకెవరన్నా పిల్లలకు పని పడుతది, ఉంచుండ్రి" అన్నాడు.

ప్రియులారా, మీ ఊరిలో, మీ సంఘంలో ఏ పిల్లవాడైనా దీర్ఘరోగంతో ఇల్లు కదలలేక ఉంటే, వాడికి పండ్లు తీసుకుపోవడం మంచిదే. అంతకన్నా ముఖ్యంగా వాడి చోటు ఖాళీగా ఉంచండి. వాడి పేరు పిలవండి. తోటి పిల్లలచేత ఉత్తరాలు వ్రాయించండి. వాడి తండ్రికి వారం రోజులు పొలం పనిలో సాయపడండి. బొమ్మ లేకపోయినా ఫరవాలేదు. మన భాషలో ఎలుగు అంటే గొంతు అనే అర్థం కూడా ఉన్నది. రాలేని బిడ్డ తరఫున 'హాజర్' అని పలికే గొంతు ఒకటి ఉంటే చాలు.